గండికి కుట్టు

కప్పల కుంటను పూడ్చి దాని మీద విమానాలు దించుదామన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఆ మహానుభావుడు చిక్కబళ్ళాపురం వైపు ఒక్క వానాకాలమైనా గడిపి ఉండడు. చింతామణి దారి పక్కన మిలిటరీ వాళ్ళు ఆరు వందల ఎకరాల బయలు తీసుకున్నప్పుడు, మధ్యలో కుంట ఉందని చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. పటం గీసిన వాళ్ళకు మాత్రం అది గోరంత నీలి మచ్చ. మద్రాసు నుంచి వచ్చిన కంట్రాక్టరు ఆ మచ్చలో దొరికిన మన్నల్లా పోసి, పైన గరుసు పరిచి, నున్నగా చేసి చూపించి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. అది పంతొమ్మిది వందల నలభై మూడు ఎండాకాలం. ఆశ్వయుజం వానలు దిగేదాకా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

వానలు దిగిన నాలుగో రోజున నీళ్ళ లారీ ఒకటి ఆ చోట ఇరుసుదాకా కూరుకుపోయింది.

ఆ బయలుకు ఓవర్సీయరు రంగనాథ. నందిలో తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇంటివాడు. ఆ ఇంట్లో పంచపాత్ర వదిలి కొలత టేపు పట్టిన మొదటి మనిషి. మైసూరు సర్కారు ఇలాఖా అతన్ని మిలిటరీ పనికి పంపి ఏడాది కావస్తోంది. వయసు ఇరవై తొమ్మిది. చదువు మీద నమ్మకం జాస్తి, ఓపిక తక్కువ. లారీని బయటికి లాగించాక బెంగళూరు నుంచి ఆవిరి రోలరు తెప్పించాడు. అది రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారి తానే ఒక పక్కకు ఒరిగింది. దాన్ని పైకి తేవడానికి మూడు లారీలు పట్టాయి. పైన చూస్తే పెనంలా గట్టిగా ఉంది, కింద అంబలి.

ఆ సాయంత్రమే కెప్టెన్ బార్టన్ అతన్ని పిలిపించాడు. ఇంజనీర్ల దళం దొర, మాట తక్కువ మనిషి.

"వచ్చే గురువారం పత్రికల వాళ్ళు వస్తున్నారు. బెంగళూరు నుంచి నలుగురు, మద్రాసు నుంచి ముగ్గురు. మన దగ్గర విమానాలే లేవని, ఉన్నా ఎగరవని ఊళ్ళలో గుసగుసలు పోతున్నాయట. వాళ్ళ కళ్ళెదుట డకోటా విమానం దిగాలని పైనుంచి ఆజ్ఞ. ఆ చోటు బాగవుతుందా, కాదా? కాదంటే ఇప్పుడే చెప్పు, విమానాన్ని రావద్దంటాను. అవుతుందంటే, గట్టిగా ఉందని బుధవారం కాగితం మీద నువ్వు సంతకం పెట్టాలి."

కుంట చోటు సరిగ్గా దిగుడు బాట నడుమ ఉంది. దిగిన విమానం దాని మీదుగా పరుగెత్తక తప్పదు. ఆ వేగంలో చక్రం కూరుకుపోతే విమానం తలకిందులవుతుంది. లోపల అయిదుగురు ఉంటారు. ఆ పైన విచారణ, యుద్ధకాలపు చట్టం, సంతకం ఎవరిదన్న ప్రశ్న. ఇంత తెలిసీ రంగనాథ "అవుతుంది సార్" అన్నాడు. ఎందుకన్నాడంటే, కాదనడం అతనికి చేతకాదు. ఎలా అవుతుందో మాత్రం అతనికి తెలియదు.

గుడారంలోకి వచ్చి కూర్చున్నాక ఒక పాత సంగతి మనసును కెలికింది. నాలుగేళ్ళ కిందట అతని మొదటి ఉద్యోగం బాగేపల్లి తాలూకాలో, చెరువుల పని. పరగోడు దగ్గర ఒక చెరువు కట్టకు గండి పడింది. చెన్నరాయప్ప అనే రైతు ఆ గండిని మన్నుతో పూడ్చి, పొర పొరకూ గొర్రెల మందను దాని మీద తిప్పి తొక్కించాడు. కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన రంగనాథకు అది చూసి నవ్వొచ్చింది. నవ్వి ఊరుకోక, గొర్రెలతో కట్ట వేయడం మూఢాచారమనీ, వెంటనే రోలరు పంపాలనీ పైకి రాశాడు. రోలరు రానే లేదు. నీళ్ళు మాత్రం వచ్చాయి. ప్రతి వానకూ ఆ కట్ట తెగుతుందని రంగనాథ లోలోపల ఎదురుచూశాడు. నాలుగు వానాకాలాలు పోయినా అది తెగలేదు.

మర్నాడు శుక్రవారం. కూలీలకు వేరే పని అప్పజెప్పి, బొగ్గుతో నడిచే బస్సెక్కి, దారిలో రెండుసార్లు దిగి తోసి, మధ్యాహ్నానికి పరగోడు చేరాడు.

చెన్నరాయప్పకు అరవై దాటాయి. చుట్టు ఏడు ఊళ్ళలో ఎక్కడ గండి పడినా మూసే హక్కు వాళ్ళ ఇంటిదే. మనిషి సన్నగా, నల్లగా, తొందర అన్నది ఎరగనట్టు ఉంటాడు. వసారాలో కూర్చుని తాడు పేనుతున్నాడు. అతని భార్య పుట్టమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి పెట్టింది.

"రాండి సామీ. కట్ట ఇంకా ఉండాది. చూసుకోని పోండి" అన్నాడు, నవ్వకుండా.

"కట్ట చూడ్డానికి రాలేదు చెన్నరాయప్పా. మీతో పని ఉండి వచ్చినాను."

పుట్టమ్మ తలుపు దగ్గర ఆగి, "అప్పుడు నువ్వు అంటాండ్రి, ఇప్పుడు మీరు అంటాండారు. పెద్ద పనే పడినట్టుండాది" అంది.

"మీరు రాసిన అర్జీ కచేరిలో మాకు చదివి చెప్పినారులే. మూఢమో ఏందో అని రాసినారంట. నాకేమీ అనిపించలేదు. గొర్రెలకే శానా కోపం వచ్చింది" అన్నాడు చెన్నరాయప్ప.

రంగనాథ చెంబు కింద పెట్టాడు. బస్సులో వస్తూ ఎన్ని రకాల మాటలు కూర్చుకున్నాడో, ఒక్కటీ పనికి రాలేదు. "తప్పు రాసినాను" అన్నాడు.

కూరుకుపోయే కుంట సంగతీ, గురువారం దిగాల్సిన విమానం సంగతీ అంతా విని, ముసలాయన తాడు పక్కన పెట్టాడు. "ఆ విమానం ఎంత బరువు ఉండాది సామీ?"

"సరుకుతో నిండిన ఎద్దుబండ్లు పదిహేను అనుకోండి. అంత బరువూ రెండు చక్రాల మీదే పడుతుంది."

చెన్నరాయప్ప చూరు వైపు చూస్తూ లెక్క కట్టాడు. "నీళ్ళ కంటే తక్కువే. నీళ్ళు రేయీ పగలూ తోస్తానే ఉంటాయి. ఇది వచ్చి పోయేదే గదా. మీరు పోయి కుంటలో ఉండే కుళ్ళు బురదంతా తీపించండి. గడ్డపార వేస్తే ఖంగుమనాల, అంతదాకా. మందను తోలుకోని మేము వెనకాల వస్తాము."

శనివారం తెల్లవారి బయల్దేరిన మంద ఆదివారం సాయంత్రానికి బయలు చేరింది. మూడు వందల ఇరవై గొర్రెలు, ముందు చెన్నరాయప్ప, వెనక పుట్టమ్మ, ఆమె నెత్తిన రాగిపిండి మూట. గేటు దగ్గర కాపలా సిపాయి పంజాబువాడు, నియమం తప్పనివాడు. లోపలికి పోయేవన్నీ రిజిస్టరులో ఎక్కాలి గనక, వేరే గడి లేక, ‘వాహనాలు’ అన్న చోట మూడు వందల ఇరవై అని రాసుకుని లోపలికి వదిలాడు.

కెప్టెన్ బార్టన్ గుడారం బయటికి వచ్చి చాలాసేపు చూశాడు. "మిస్టర్ రంగనాథ, ఇవేమిటి?"

"రోలరే సార్. దీనికి కాళ్ళుంటాయి."

దొర ముఖంలో నవ్వు లేదు. రంగనాథ పక్కనే ఉన్న తడి మన్ను కుప్ప మీద అరచేయి పెట్టి అదిమాడు. పైపొర అణిగింది, లోపల గుల్లగానే ఉంది. తర్వాత అయిదు వేళ్ళూ కూడదీసి మళ్ళీ మళ్ళీ గుచ్చాడు. "రోలరు పైనుంచి అదుముతుంది సార్. గిట్ట అడుగుకు దిగి అక్కణ్ణించి పైకి గట్టి చేసుకుంటూ వస్తుంది. అడుగు పూర్తిగా గట్టిపడితే గిట్ట ఇక దిగదు. అప్పుడు పై పొర వేస్తాం." బార్టన్ తన చేతికర్రను మన్నులో రెండు మూడుసార్లు గుచ్చి చూసుకున్నాడు. ఎంత దొరైనా ఇంజనీరే గదా, వద్దనలేకపోయాడు. "గురువారం ఒక్క పెంటిక కూడా నాకు కనబడకూడదు" అని మాత్రం అన్నాడు.

అప్పటికి రెండు వందల మంది కూలీలు రెండు రోజులుగా తవ్వి, అరవై అడుగుల పొడవూ నలభై అడుగుల వెడల్పూ గల గొయ్యి తీసి ఉంచారు. అడుగున గడ్డపార ఖంగుమంటోంది. సోమవారం పొద్దున మొదటి పొర పడింది. నాలుగు వేళ్ళ మందం, ఎర్రమన్ను, గరుసు, చెరువు మట్టి కలిపి. నీళ్ళు చల్లాక చెన్నరాయప్ప పిడికెడు మన్ను తీసి, ఉండ చేసి, నడుమెత్తు నుంచి కింద వేసేవాడు. అప్పంలా పరుచుకుంటే నీళ్ళెక్కువ. పిండిలా రాలితే తక్కువ. మూడు చెక్కలైతే సరి. సరి అన్నాకే మంద దిగేది. గుండ్రంగా, గానుగ ఎద్దుల మాదిరి, గంటలకొద్దీ తిరిగేది. ముందు నడిచే పొట్టేలుకు దారి చెప్పే అవసరం కూడా రెండో రోజుకు లేకుండా పోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఒక జల్లు పడింది. పెద్దదేమీ కాదు, అరగంట. చెన్నరాయప్ప వచ్చి, ఉండ చేసి వేసి, పరుచుకున్న మన్ను చూసి, పై పొర అంతా తీసేయమన్నాడు. సగం రోజు పని అది.

"గురువారం వస్తాండారు చెన్నరాయప్పా. టైము లేదు" అన్నాడు రంగనాథ, గొంతు పెంచి.

"మీ గురువారం మన్నుకు తెలీదు సామీ."

తీసేశారు. మళ్ళీ పోశారు. ఆ రోజు చీకటి పడేదాకా రంగనాథ కూడా పంచె ఎగ్గట్టి గంప మోశాడు. అది చూసి కూలీ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

బుధవారం సాయంత్రం చివరి పొర మీద గరుసు పరిచి, ఎద్దులతో రాతి రోలరు లాగించి చదును చేశారు. బార్టన్ ఒక సిపాయి చేత గడ్డపార వేయించాడు. అది అంగుళం దిగి ఆగిపోయింది. ఇంకోచోట వేయించాడు, అక్కడా అంతే. రంగనాథ కాగితం అందుకుని సంతకం పెట్టాడు. చిన్నప్పటి నుంచి పెట్టిన సంతకాలన్నిటిలోకీ అది తనకు బాగా కుదిరిందనిపించింది.

"తెల్లవారేసరికి కూలీలెవరూ లోపల ఉండకూడదు" అన్నాడు బార్టన్. "గొర్రెలు కూడా. పత్రికల వాళ్ళతో వాటి మాట ఎత్తవద్దు. ఇది ఇంజనీర్ల పని అని వాళ్ళు రాసుకోవాలి."

చెన్నరాయప్పకు ఈ మాట చెబితే తల అడ్డంగా ఊపాడు. "గండి మూసినోడు మొదటి నీళ్ళు వచ్చి నిలిచేదాకా ఆడనే ఉండాల. కట్ట తెగితే మొదట నా మీద పడాల గదా. మా నాయనా అట్లే ఉన్నాడు." అటూ ఇటూ మాట మోసి, చివరికి రంగనాథ ఒక సర్దుబాటు కుదిర్చాడు. ఉత్తరం వైపు కంచె అవతల పల్లంలో, పైకి కనబడకుండా, మందతో పాటు ముసలాయన ఉండవచ్చు. దొర సరేనన్నాడు.

గురువారం తొమ్మిదిన్నరకు బస్సు వచ్చింది. ఏడుగురు విలేకరులు దిగారు. వాళ్ళను తెచ్చిన వార్తల అధికారి గేటు దగ్గరే కెమెరాలు తీసుకుని, ఏమేమి రాయకూడదో చదివి వినిపించాడు. ఊరి పేరు రాయకూడదు. కొండ ఉందని రాయకూడదు. విమానాలెన్నో, మనుషులెంతమందో, ఏ జిల్లానో, ఏదీ రాయకూడదు. "ఆకాశం నీలంగా ఉందని రాయవచ్చా?" అని అడిగాడొక బెంగళూరు విలేకరి. అధికారి దానికి జవాబు చెప్పే ముందు నిజంగానే కాస్త ఆలోచించాడు. మద్రాసు తెలుగు పత్రిక నుంచి వచ్చిన రామప్రసాద్ అనే నడివయసు మనిషి, ఇక్కడ తెలుగు మాట్లాడే ఓవర్సీయరు దొరికాడని సంతోషపడి, రంగనాథ పక్కనే నడవసాగాడు.

పదింటికి ఆకాశంలో మోత వినబడింది. నంది కొండ వైపు నుంచి డకోటా వచ్చింది. అందరూ నుదుట చేతులు పెట్టుకుని చూశారు. విమానం చక్రాలు దించి, కిందికి, ఇంకా కిందికి వచ్చి, దిగబోతూ ఒక్కసారిగా పెద్ద రొదతో పైకి లేచిపోయింది. ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అలాగే లేచిపోయింది.

"ఏమయింది?" అన్నారు విలేకరులు. పెన్సిళ్ళు కాగితం మీద కదులుతున్నాయి. గుసగుసలు ఆపడానికి పిలిపించిన వాళ్ళ ముందే విమానం దిగనంటోంది. బార్టన్ ముఖం పాలిపోయి ఉంది. రేడియో గది ఇంకా కట్టడంలోనే ఉంది, అడిగే దారి లేదు. దొర ఒకే ఒక్క చూపు రంగనాథ వైపు చూశాడు. సంతకం ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

రంగనాథ పక్కనున్న లారీ పైకెక్కాడు. నేల మీద నిలబడితే కనబడనిది అక్కణ్ణించి కనబడింది. తాము పూడ్చిన చోట, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, చిక్కటి సున్నంతో వేసిన పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు. ఒక్కొక్కటీ మంచమంత ఉంది. బాట మీద తెల్లటి ఇంటూ గుర్తు ఉంటే ఇక్కడ దిగవద్దని అర్థం. విమానం నడిపే ప్రతివాడికీ అది నేర్పుతారు. ఇక్కడ ఒకటి కాదు, వరుసగా ఎనిమిది.

లారీ దిగి పరుగెత్తాడు. కంచె దగ్గరికి వెళ్ళేసరికి ఊపిరి అందడం లేదు. చెన్నరాయప్ప కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన పుట్టమ్మ. ఆమె చేతులు మోచేతులదాకా తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, ఆ ముగ్గు మీరు వేసినారా?"

"ముగ్గు కాదు సామీ, కుట్టు. గండి మూసినాక కుట్టు వెయ్యకుంటే ఎట్ల? మా అత్త వేసె, వాళ్ళత్త వేసె. మొదటి నీళ్ళు వచ్చి కడిగేదాకా అది ఉండాల. తెల్లారుజామున పోయి వేసి వచ్చినాను. ఆడ పీపాలో సున్నం ఉండె."

ఆ పీపా బాట అంచులకు గీతలు వేసేది. దాన్ని ఎత్తుకుని పోతున్న మనిషిని చూసి కాపలావాళ్ళు ఓవర్సీయరు పంపాడనే అనుకుని ఉంటారు. రంగనాథ పైకి చెయ్యి చూపించాడు. "అమ్మా, పైన ఉండేవాళ్ళకు అది దిగొద్దని చెప్తాండాది" అన్నాడు.

పుట్టమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సున్నం మూతికంతా అంటుకుంది. "మంచి జరగాలనే వేస్తిని సామీ" అంది, ఏడుపు గొంతుతో.

కూలీలందరినీ పొద్దున్నే రెండు మైళ్ళ అవతలికి పంపేశారు. చీపురు పట్టేవాడు ఒక్కడూ లేడు. విమానం మూడో చుట్టు మొదలుపెట్టింది. ఈసారీ దిగకపోతే అది బెంగళూరుకు తిరిగిపోతుంది.

చెన్నరాయప్ప పైకి చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. "ఏడవద్దులేమ్మే. నీళ్ళు కడగాల్సింది, నీళ్ళు లేవు. నేల వేసినవే తుడస్తాయి." కంచెకు కట్టిన వెదురు తడిక లాగి పక్కన పడేసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు.

మూడు రోజులు తిరిగిన చోటు. గొర్రెలకు వేరే చెప్పాల్సిన పని లేదు. పల్లంలో నుంచి పొట్టేలు పైకొచ్చింది, దాని వెనక మందంతా కట్ట తెగినట్టు బాట మీదికి పొర్లింది. యుద్ధ రహస్యాలన్నీ దాచి ఉంచిన ఆ బయలు నడిమధ్య, ఏడుగురు విలేకరులు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, మూడు వందల ఇరవై గొర్రెలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. తెల్లటి దుమ్ము లేచింది. వార్తల అధికారి కళ్ళు మూసుకున్నాడు. రెండు చుట్లు, మూడు చుట్లు. చెన్నరాయప్ప మళ్ళీ ఈల వేశాడు. మంద ఎలా వచ్చిందో అలాగే అతని వెనక కంచె వైపు సాగిపోయింది. బాట మీద సున్నం జాడ లేదు. కాళ్ళున్నవన్నీ ఎంతో కొంత తెల్లబడ్డాయి.

విమానం తిరిగి వచ్చింది.

రంగనాథ బాట అంచున, పూడ్చిన చోటుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడిపోయాడు. అవతలి అంచున చెన్నరాయప్ప. దూరంగా చక్రాలు నేలకు తాకాయి, దుమ్ము లేచింది, మోత దగ్గరయింది. రంగనాథ రెక్కలు చూడలేదు, ముక్కు చూడలేదు. ఎడమ చక్రాన్నే చూశాడు. అది ఆ చోటికి వచ్చింది. దాటింది. అంతే. ఏమీ జరగలేదు. వారం రోజులు మనుషులూ గొర్రెలూ పడ్డ పాటంతా ఆ ఏమీ జరగకపోవడం కోసమే. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అతను వెనక్కి వచ్చేసరికి విలేకరులు బార్టన్‌ను చుట్టుముట్టి ఉన్నారు. దొర గొంతు సర్దుకుని చెబుతున్నాడు. "ఊరి గొర్రెలు. కంచె దాటి వచ్చేశాయి. యజమాని మీద చర్య తీసుకుంటాం." పెన్సిళ్ళు రాసుకుంటున్నాయి.

రామప్రసాద్ మాత్రం రాయకుండా రంగనాథ వైపు తిరిగాడు. "ఏమండీ, నిజమేనా?" అన్నాడు తెలుగులో.

రంగనాథ కంచె వైపు చూశాడు. చెన్నరాయప్పకు ఇంగ్లీషు రాదు. తనను దొంగ మేపుకాడిని చేసి మాట్లాడుతున్నారని తెలియక, కర్ర మీద గడ్డం ఆనించి విమానాన్ని మురిపెంగా చూస్తున్నాడు. నాలుగేళ్ళ కిందట ఒకసారి ఆ మనిషి మీద తప్పుడు కాగితం రాశాడు తను. ఈ రోజు నోరు మూసుకుంటే అది రెండోసారి అవుతుంది. ఉద్యోగం పోతే నందిలో గంట వాయించుకోవచ్చు అనుకున్నాడు.

"సార్, అవి తప్పించుకు వచ్చిన గొర్రెలు కావు" అన్నాడు, ఏడుగురికీ వినబడేలా ఇంగ్లీషులో. "ఈ బాటలో రోలరు కూరుకుపోయిన చోటును గట్టిచేసింది అవే. చేయించింది అదిగో ఆయన. పేరు చెన్నరాయప్ప. దగ్గరుండి నేర్చుకున్నది నేను."

బార్టన్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో విమానం నడిపిన కుర్ర దొర తలమీది తోలు టోపీ విప్పుకుంటూ పెద్ద పెద్ద అంగలతో వచ్చాడు.

"ఆ తెల్ల గీతలు ఎందుకు వేశారు? చెడిపోయిన చోటు ఏది? మళ్ళీ పైకి లేచేటప్పుడు నేను దాన్ని తప్పించుకోవాలి."

"చూపిస్తాను రా" అన్నాడు బార్టన్. అందరూ కలిసి బాట మీద నడిచారు. విలేకరులు కూడా వెనకే. బార్టన్ కొంత దూరం పోయి ఆగి, కిందికి చూసి, ఇంకా ముందుకు పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. చక్రాల జాడ మొదటి నుంచి చివరిదాకా ఒకే లోతున, ఎక్కడా తెగకుండా, ఎక్కడా దిగకుండా పోయింది. జేబులోంచి పటం తీసి అడుగులు కొలిచి, "ఇక్కడ" అన్నాడు. కాదు, ఇంకో పదడుగులు ముందుకు అనుకున్నాడు రంగనాథ. తర్వాత వెనక్కేమో అనిపించింది. గంపలు మోసిన చోటు, సంతకం పెట్టిన చోటు, అతనికీ ఆనవాలు చిక్కలేదు. గొర్రెలు ఎంతమేర తొక్కాయో అంతమేరా ఒకే తీరుగా ఉంది. విమానం కుర్రవాడు ఓపిక పట్టలేక మడమతో అక్కడా ఇక్కడా గట్టిగా తన్ని చూశాడు. "ఏ చోటండీ?" అన్నాడు.

బార్టన్ పటం మడిచాడు. "ఆయన్ని పిలువు" అన్నాడు రంగనాథతో.

చెన్నరాయప్ప వచ్చాడు. చెప్పులు కంచె దగ్గరే విడిచి, కట్ట మీద నడిచినట్టే నడిచి వచ్చి ఒక చోట ఆగాడు. ఇంతమంది చుట్టూ నిలబడి తన ముఖంలోకి చూస్తుంటే కొంచెం సిగ్గుపడ్డాడు.

"ఏమంటాండారు సామీ?"

"గండి యాడ ఉండిందో చూపించమంటాండారు చెన్నరాయప్పా. వీళ్ళెవరికీ తెలీడం లేదు. ఆ విమానం అబ్బాయికి తెలీలేదు. దొరకు తెలీలేదు. నాకే తెలీడం లేదు."

"మీకూ తెలీలేదా?"

"లేదు."

ముసలాయన తల వంచుకున్నాడు. ఆరు రోజులలో మొదటిసారి ఆ ముఖం మీద నవ్వు పరుచుకోవడం రంగనాథ చూశాడు. అది ఎవరికో చూపించడానికి నవ్వింది కాదు. "అట్లయితే నేను మటుకు ఎందుకు చూపిస్తాను? మూసినాక ఇంక అది గండి కాదు గదా" అన్నాడు మెల్లగా. అంటూ కాలి బొటనవేలితో తాను నిలబడ్డ చోటనే నేలను ఒకసారి నొక్కాడు. అంచు సరిగ్గా అక్కడే ఉందని రంగనాథకు ఆ వేలును బట్టి తెలిసింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు బార్టన్.

"ఆయనకూ కనబడటం లేదట సార్" అన్నాడు రంగనాథ.

దొర ముసలాయన కాళ్ళ వైపు చూశాడు, రంగనాథ వైపు చూశాడు. తర్వాత విలేకరుల వైపు తిరిగాడు. "ఆయన పేరు రాసుకోండి" అన్నాడు. "ఊరి పేరు మాత్రం వద్దు."

ఏడు పెన్సిళ్ళు ఒక్కసారిగా చెన్నరాయప్ప వైపు తిరిగాయి. అన్ని కాగితాలు చూసి ఆయన బెదిరాడు. "ఏం రాస్తాండారు సామీ వీళ్ళు? మళ్ళా అర్జీనా?"

"కాదు చెన్నరాయప్పా. మీ పేరు అడుగుతాండారు" అన్నాడు రంగనాథ. ఆ పేరును అక్షరం అక్షరంగా, ఏడుగురికీ సరిగ్గా అందేదాకా తానే గట్టిగా చెప్పాడు.